స్లాబు మీద చొప్ప

ఏప్రిల్ నడిమి. మధ్యాహ్నం రెండు దాటింది. మీరు మీ కొత్త ఇంటి స్లాబు మీద ఉన్నారు. చెప్పులు కిందే మరిచి నిచ్చెనెక్కారు, అదీ పొరపాటు. అరికాలు ఆనిస్తే రెండు క్షణాలు నిలవడం లేదు. ఈ కాలెత్తి ఆ కాలు, ఆ కాలెత్తి ఈ కాలు. కింద నుంచి తమ్ముడు జొన్న చొప్ప కట్టలు పైకి విసురుతున్నాడు, మీరు అందుకుని వరసగా పరుస్తున్నారు. ముప్పై అయ్యాయి. ఇంకో ఇరవై ఉన్నాయి. పరిచిన మేర మీద నిలబడితే కాలికి ప్రాణం లేచొస్తోంది.

"పైన సొప్పేస్తే రెండు పనులైతయి," అన్నాడు పొద్దున్నే. "ఇల్లు సల్లగుంటది. ఎడ్ల మేత భద్రంగుంటది."

"సరే తమ్మీ," అన్నారు మీరు. తప్పేముంది?

ఇది కెరమెరి ఘాటెక్కి జైనూరు వైపు పోయే దారిలో, గుట్ట ఒడిలో కూర్చున్న గూడెం. పేరు మీరే పెట్టుకోండి. ఈ వైపు గోండు, కొలాం గూడేలన్నీ ఒక పోలికే. వెనక గుట్ట, గుట్ట నిండా టేకు, నల్లమద్ది, వెదురు. ముందు పత్తి చేలు. నడుమ ఇళ్లు. మొన్నటిదాకా మీదీ తడిక ఇల్లే. వెదురు తడికకు రెండు పక్కలా మట్టీ పేడా కలిపి మెత్తిన గోడలు, పైన గూన పెంకులు. కొత్త ఇల్లు లేచాక ఆ పెంకులు దింపి అమ్మేసి, గోడల మీద గడ్డి కప్పి, పాత ఇంటిని ఎడ్ల కొట్టం చేశారు. కొత్త గోడకు తూర్పున, ఐదడుగులు వేస్తే కొట్టం.

కొత్తది ఇందిరమ్మ ఇల్లు. 5 లక్షల సాయం, 400 చదరపు అడుగులకు తగ్గకుండా కట్టాలి. సర్కారు ఇచ్చింది చాలక మీరు కొంత అప్పు తెచ్చి కలిపారు. ఉగాదికి పాలు పొంగించారు. గోడలకు ఇంకా రంగు లేదు. మొదటి వారం పిల్లలు సిమెంటు వాసన పీలుస్తూ గదిలో గెంతారు. రెండో వారం నుంచి ఎవరూ లోపల పడుకోవడం లేదు.

ఎందుకంటే ఒకసారి లోపలికి వచ్చి నిచ్చెనెక్కి స్లాబు అడుగున చెయ్యి ఆనించి చూడండి. పొయ్యి మీద నుంచి అప్పుడే దింపిన పెంకులా ఉంటుంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు పొద్దంతా ఎండ తాగుతుంది. తాగింది తాగినట్టు రాత్రి పూట కిందికి కక్కుతుంది. పదకొండింటికి ఫ్యాను వేస్తే పైనున్న వేడిని అది కిందికి తోస్తుంది తప్ప చేసేదేం లేదు. చలికాలం ఇంకో తిప్పలు. రాష్ట్రంలో చలి లెక్కలు చెప్పేటప్పుడు ముందుగా వినబడేది ఆదిలాబాదు పేరే. జనవరి తెల్లవారుజామున ఇదే స్లాబు మంచు గడ్డలా వేలాడుతుంది. పాత ఇల్లు చిన్నది, చీకటిది, నిజమే. కానీ ఎండకూ చలికీ దాని ముందు ఈ ఇల్లు నిలవదు.

చొప్ప ఎందుకు చల్లబరుస్తుందో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు, గొంగడి కప్పుకున్నవాళ్లే. కాడల మధ్యా, కాడల లోపలా గాలి చిక్కుకుంటుంది. కదలని గాలి వేడిని దాటనివ్వదు. స్లాబు పోసిన మేస్త్రీ, కరీంనగర్ మనిషి, ఇంకో ఉపాయం చెప్పాడు. స్లాబు కింద థర్మాకోల్ పలకలు బిగించి సీలింగు కొడదామని. అందులోనూ ఉన్నది గాలే, తెల్లని నురగలో బుడగలు బుడగలుగా. దానికి డబ్బుల్లేవు. చొప్పయితే ఇంట్లోదే.

ముప్పై ఒకటో కట్ట అందుకోబోతూ ఆగారు.

వాసన. పొయ్యి పొగ కాదు. చేలో పత్తి కట్టె కాల్చిన వాసనా కాదు. ఎండుటాకుది, కొంచెం తియ్యగా, గొంతులో గీరుకుంటూ. తలెత్తి చూస్తే గుట్ట నడుము దగ్గర తెల్లని పొగ, సన్నగా నిలువునా లేస్తోంది.

ఎవరు పెట్టారు? ఇది ఇప్పపువ్వు రాలే కాలం. చెట్టు కింద ఆకు కాల్చేస్తే, తెల్లారి రాలిన పువ్వు నల్లటి నేల మీద తెల్లగా కనబడుతుంది, ఏరుకోవడం తేలిక. తునికాకు లేత చిగురు బాగా వస్తుందని కొందరు పొదలకు నిప్పు పెడతారు. కొందరు బీడీ ముక్క ఆర్పకుండా నడిచిపోతారు. ఈ అడవి దానంతటది అంటుకోదు, దాదాపు ఎప్పుడూ వెనక ఒక మనిషి చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి మీ గూడేనిదే అయ్యుండొచ్చు కూడా. ఇప్పుడా పంచాయితీ పెట్టుకునే వేళ కాదు.

కింద రచ్చ దగ్గర నలుగురు పోగయ్యారు. ఒకడు ఫారెస్టు బీటు ఆఫీసరుకు ఫోన్ చేస్తున్నాడు. అవతలి మనిషికి అప్పటికే తెలుసు. మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో మన నెత్తి మీదుగా ఒక ఉపగ్రహం పోతుంది, రాత్రి మళ్లీ అదే వేళకు ఇంకోసారి. నేల మీద 375 మీటర్ల గళ్లు గీసినట్టు చూసుకుంటూ ఏ గడిలో వేడి ఎక్కువుందో పట్టేస్తుంది. ఆ కబురు డెహ్రాడూన్‌లోని ఫారెస్టు సర్వే ఆఫీసుకు, అక్కడి నుంచి ఇక్కడి సిబ్బంది ఫోన్లకు వస్తుంది. మనుషులు బయల్దేరారట. ఘాటు రోడ్డు, పైగా చివరి మూడు కిలోమీటర్లు మట్టిబాట. మీరు లెక్క వేసుకుంటున్నారు.

మంట కనబడుతోంది ఇప్పుడు. సినిమాల్లో చూసినట్టు చెట్టు కొసలు మండడం లేదు. మోకాలెత్తు మంట, నేల మీద పాకుతోంది. ఫిబ్రవరిలో టేకు ఆకు రాల్చేసింది. ఒక్కో ఆకు విస్తరంత. రెండు నెలల ఎండకు అప్పడంలా ఎండి చీలమండ లోతు పేరుకుంది. మంట దాన్ని కొరుక్కుంటూ పైకి పోతోంది. పైకే. మీకు దూరంగా.

ఏటవాలు మీద మంట ఎప్పుడూ ఎక్కడానికే చూస్తుంది. తన ముందున్న ఆకును తానే ముందుగా వేడెక్కించుకుంటుంది కాబట్టి. వాలు పది డిగ్రీలు పెరిగితే వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని అడవి మంటలార్పేవాళ్ల లెక్క. పగలు గాలి కూడా గుట్ట ఎక్కుతూనే ఉంటుంది. రచ్చ దగ్గర మాటలు తేలికపడ్డాయి. ఎవరో నవ్వారు కూడా.

వేపచెట్టు కింద మంచంలో ఉన్న పెద్దమ్మ మాత్రం మీ స్లాబు వైపే చూస్తోంది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని అరిచింది.

"మాపటికి గాలి మర్లుతది బిడ్డా. ఆ సొప్ప దించుండ్రి."

మీ ముందు ఇప్పుడు రెండు దారులు. గంటసేపు ఎండలో మాడి ఎక్కించిన ముప్పై కట్టలు మళ్లీ దించడం. లేదా మంట పోయే దిక్కు చూసి, పెద్దమ్మకు చేతులూపి, చాయ్ తాగడం.

మీరు చాయ్ తాగారు. మిగతా ఇరవై కట్టలు కూడా ఎక్కించారు.

సాయంత్రం ఆరున్నర. ఫారెస్టు వాళ్లు వచ్చారు. ఐదుగురు. ఇద్దరి వీపున బ్లోయర్లు. తమ్ముడూ మీరూ గూడెం జనంతో కలిసి వాళ్ల వెంట గుట్ట మొదలుకు వెళ్లారు. బ్లోయరు మోగితే ఎండుటాకు అలలా లేచి పక్కకు పడుతోంది, వెనక ఎర్రమట్టి బయటపడుతోంది. మీరు పచ్చి కొమ్మ విరిచి, మిగిలిన ఆకును దానితో ఊడుస్తున్నారు. మూడు మీటర్ల వెడల్పు బాట. దీన్నే ఫైర్ లైను అంటారు. మంటకు ఇక్కడ తినడానికేమీ దొరకదు, అంతే దాని కిటుకు.

"మనమే ఇటు నుంచి ఎదురు మంట పెడ్తే?" అన్నాడు ఒక కుర్రాడు.

"ముట్టుకోకు," అన్నాడు ఫారెస్టాయన, తల తిప్పకుండానే. "గాలి ఏ దిక్కుకుంటదో నాకే తెలుస్తలేదు."

చీకటి పడింది. గుట్ట నడుముకు ఎర్ర పూసల దండ కట్టినట్టుంది. చూడ్డానికి బాగుందని చెప్పడానికి నోరు రాదు గానీ, బాగుంది. ఉండుండి పైన తుపాకీ పేలినట్టు చప్పుడు. వెదురు. కణుపుల్లో చిక్కిన గాలి కాగి కాగి పగిలిపోతోంది.

పడమర నల్లబడింది. ఒక మెరుపు. ఉరుము లేదు. మీ మెడ వెనక చెమట చల్లబడింది. కొమ్మ ఊడ్చిన దుమ్ము ఇందాకటి నుంచి గుట్ట వైపుకే పోతోంది. ఇప్పుడది మొహాన కొట్టింది.

గాలి మర్లింది.

ఏప్రిల్ గాలిదుమారం. వాన ఉందో లేదో తెలీదు, గాలి మాత్రం వచ్చేసింది. గుట్ట మీది దండ ఒక్కసారి తెగినట్టయింది. పూసలు గాల్లోకి లేచాయి.

"ఇండ్లకాడికి ఉరుకుండ్రి!" అన్నాడు ఫారెస్టాయన.

ఉరుకుతున్నారు. పక్కన తమ్ముడు. వెనక చప్పుడు పెరుగుతోంది, పొంగిన వాగులా. మీ తల మీదుగా ఏదో దాటింది. టేకాకు. అంచు చుట్టూ ఎర్రగా, నడుమ నల్లగా, పళ్లెమంత. తేలుతూ వెళ్లి మీ కన్నా ముందు గూడెంలో దిగింది.

ఇప్పుడు మీకు అర్థమైంది. మంట ఇంకా గుట్ట మీదే ఉంది. ఫైర్ లైను దాటలేదు. దాటనక్కర్లేదు. దాని తరఫున ఆకులు వస్తున్నాయి.

వాకిలి. కరెంటు పోయింది. బోరు మోటారు లేదు. స్లాబు మీది ట్యాంకులో సగం నీళ్లు. వాకిట్లో ఒక డ్రమ్ము. రెండు బిందెలు. పిల్లల్ని పెద్దమ్మ రోడ్డు అవతలికి, దున్నిన చేలోకి తోలుకుపోయింది. మంచి పని. దుక్కిలో కాలేదేమీ ఉండదు.

ఏది ముందు?

ఎడ్లు. కొట్టంలోకి దూరారు. ముడి బిగిసింది. కొడవలితో తాడు కోశారు. ఎడ్లు మిమ్మల్ని గోడకు ఒత్తేసి బయటికి దూకాయి. పోనీ.

గ్యాసు బండ. తమ్ముడు దొర్లించుకుపోతున్నాడు. దూరంగా. ఇంకా దూరంగా.

పైన.

చూడండి. స్లాబు అంచున చిన్న వెలుగు. దీపం పెట్టినట్టు. ఒక్కటే.

నిచ్చెన. గోనె సంచి డ్రమ్ములో ముంచి భుజాన వేసుకున్నారు. ఎక్కారు. చెప్పులు మళ్లీ లేవు. కాలికి చొప్ప మెత్తగా తగిలింది. మధ్యాహ్నం ప్రాణం లేచొచ్చిన చోటు. సంచితో కొట్టారు. వెలుగు ఆరింది. కొట్టిన దెబ్బకు నాలుగు రవ్వలు పక్క కట్టలో దూరాయి.

కట్ట ఊపిరి తీసింది. లోపల్నుంచి ఎర్రగా.

చల్లదనం ఇచ్చిన గాలే. కాడల నడుమ చిక్కిన అదే గాలి. ఇప్పుడు మంటకు పెడుతోంది.

ఆర్పాలా, తోసెయ్యాలా?

తోసెయ్యండి. నీళ్లు చాలవు. తూర్పుకా, పడమరకా? తూర్పు దగ్గర. రెండడుగులు. కింద కొట్టం, దాని మీద గడ్డి. పడమర పన్నెండడుగులు. కింద ఉత్త వాకిలి.

పడమరకు.

ఒక కట్ట. రెండు. ఐదు. చేతి వెంట్రుకలు మాడిన వాసన. తమ్ముడు పైకొచ్చాడు. మాటల్లేవు. వంగడం, ఎత్తడం, విసరడం. పన్నెండు. ఇరవై. ట్యాంకు మూత తీసి బిందెతో కుమ్మరించాడు. ఆవిరి బుస్సుమంది. కళ్లు మూతపడ్డాయి. తెరిచారు.

కొట్టం అంటుకుంది. మీరు విసిరింది కాదు. పై నుంచి వచ్చింది. గడ్డి కప్పు మొత్తం ఒక్క క్షణంలో పచ్చగా లేచింది.

"దిగు! దిగు!"

దిగారు. తలుపు తీశారు. లోపల పొగ.

లోపలెందుకు?

గోడ పై భాగాన వెంటిలేటరు. దానికి నైలాను దోమల జాలి కొట్టించారు. జాలి లేదు. కరిగి కారిపోయింది. దాని కింద పత్తి. ధర పెరుగుతుందని ఆపుకున్న ఆరు క్వింటాళ్లు. కుప్ప మీద మంట లేదు. చిన్న నల్ల మచ్చ. రూపాయి బిళ్లంత. అంచు ఎర్రగా.

నీళ్లు పోశారు. నీళ్లు పై నుంచి జారిపోయాయి. పత్తి తడవదు. పై మచ్చ ఆరింది, లోపల దారి చేసుకుంటూ పోతోంది.

"గుంజు తమ్మీ. బయటికి గుంజు."

చేతులతోనే. ఒడినిండా. నేల మీద పరచడం, చీల్చడం, ఎర్రగా కనబడ్డ చోట తడి సంచితో అదమడం. మళ్లీ లోపలికి. దగ్గు. తడి తువ్వాలు మూతికి. మళ్లీ లోపలికి. ఎన్నిసార్లు, తెలీదు.

గాలి ఆగిపోయింది.

ఎప్పుడాగిందో గమనించలేదు. ఇరవై నిమిషాలుంటుందేమో దుమారం. నాలుగు చినుకులు, నేల వాసన లేపడానికి సరిపోయినన్ని, పడి పోయాయి. గుట్ట వైపు బ్లోయర్ల మోత ఇంకా వినబడుతోంది. మంట ఫైర్ లైను దగ్గర మొహం వేలాడేసి నిలబడిపోయింది. మీరు నేల మీద కూర్చున్నారు. అరికాళ్లు అప్పుడు మండడం మొదలుపెట్టాయి. ఇంటికి మంట తగిలితే 101కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యాలని మీకు తెలుసు. తమ్ముడు చేశాడు కూడా. ఫైరింజను ఘాటెక్కుతోందట.

తెల్లవారింది. చూద్దాం రండి, ఏది మిగిలిందో.

కొట్టం కప్పు బూడిద. వాసాలు బొగ్గు. గోడలు మాత్రం నిలబడే ఉన్నాయి. దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టండి. పైపైన నల్లబడింది, మట్టి పెళుసెక్కి అక్కడక్కడా పగిలింది. ఒక పెచ్చు గోటితో ఊడదీస్తే లోపల వెదురు తడిక తెల్లగా, కాలకుండా కనబడుతోంది. పేడ కలిపిన బెత్తెడు మట్టి రాత్రంతా దాన్ని కాపాడింది. గింజలు పోసుకునే గుమ్మికి కూడా మన పెద్దవాళ్లు ఇలాగే అలికేవారు. పురుగు పట్టకుండా అని చెప్పేవారు. పురుగు ఒక్కటే కాదనుకుంటాను.

స్లాబు మీద ఐదడుగుల మేర మసి. పైపొర కొద్దిగా పెచ్చులూడింది. కాంక్రీటు మండదు గానీ 300 డిగ్రీలు దాటి కాగితే బలం తగ్గడం మొదలవుతుంది. మీరు ముందే తోసేశారు కాబట్టి బతికింది. యాభై కట్టలూ అక్కడే మండి ఉంటే ఈ మాట రాయగలిగేవాణ్ణి కాదు.

ఇల్లు మంట కన్నా రవ్వకే ఎక్కువగా అంటుకుంటుంది. ఇది మన గుట్టల సంగతే కాదు. మన పిల్లలు ఉద్యోగాలకు పోయిన కాలిఫోర్నియాలో, కొండల నడుమ ప్యారడైజ్ అనే ఊరుంది. 2018 నవంబరు 8న అక్కడ అడవి మంట లేచి 85 మంది పోయారు, 18,000కు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. అక్కడ 2008 నుంచి కొత్త ఇళ్లకు ఒక నిబంధన ఉంది. కాలని కప్పు, గాలి కంతలకు రవ్వ దూరని సన్న ఇనుప జాలి. తర్వాత పత్రికల వాళ్లు లెక్క తీస్తే, ఆ నిబంధనతో కట్టిన ఇళ్లలో సగం దెబ్బ తినకుండా మిగిలాయి. అంతకు ముందు కట్టిన వాటిలో ఐదింట ఒకటి కూడా మిగల్లేదు. తేడా చేసిన వాటిలో ఒకటి ఆ జాలి. మన వెంటిలేటరుకు పట్టేంత ముక్క.

పదింటికి మేస్త్రీ బండి మీద వచ్చాడు. వాకిట్లో నల్లటి చొప్పను కాలితో కదిపి చూశాడు.

"నేను చెప్పిన థర్మాకోలే నయముండె," అన్నాడు.

నయమా? వంద డిగ్రీల దగ్గరే అది మెత్తబడి జారడం మొదలుపెడుతుంది. అంటుకుంటే నల్లటి పొగ, కింద పడే మంట చుక్కలు. రాత్రి వెంటిలేటరు నుంచి వచ్చిన రవ్వ సీలింగు సందులో దూరి ఉంటే, పత్తి కోసం మీరు లోపలికి వెళ్లిన వేళ నెత్తి మీద కురిసేది. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ అనే 24 అంతస్తుల భవనం ఇలాగే పోయింది. చలికి ఆగాలని, అందంగా ఉండాలని బయటి గోడలకు తొడిగిన తొడుగే మండింది. 72 మంది. థర్మాకోల్ చెడ్డదని కాదు, కాంక్రీటుకూ సిమెంటుకూ నడుమ పూర్తిగా కప్పెట్టి వాడితే దాని పని అది చేస్తుంది. గది లోపల, రవ్వకు అందేటట్టు, వేలాడదీయకూడదు. అంత చేయించే మేస్త్రీలూ, అంత డబ్బూ ఉన్నచోట రాక్‌వూల్ దొరుకుతుంది, రాయిని కరిగించి తీసిన దూది, వెయ్యి డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. మన గూడేనికి అది దూరం.

మరి దగ్గరున్నవేంటి? మీరూ మేస్త్రీ స్లాబెక్కారు. ఈసారి చెప్పులతో.

మొదటిది సున్నం. 2023లో తెలంగాణ సర్కారు కూల్ రూఫ్ విధానం తెచ్చింది, 2028 దాకా అమల్లో ఉంటుంది. సర్కారు కట్టించే ఇళ్లకు చల్లని కప్పు ఉండాలంటుంది. కాగితం మీద ఉన్నది గుట్ట ఎక్కడానికి ఎంత కాలం పడుతుందో మీకూ నాకూ తెలుసు, ఎదురుచూడకండి. సున్నంలో కాస్త తెల్ల సిమెంటూ, పట్టు ఉండే జిగురూ కలిపి రెండు పూతలు వేస్తే ఎండలో ఎక్కువ భాగం వచ్చిన దారినే పోతుంది. గదిలో రెండు నుంచి ఐదు డిగ్రీల తేడా. ఏటా మార్చి రాకముందే మళ్లీ వెయ్యాలి, దుమ్ము పడితే తెలుపు పని చెయ్యదు.

కానీ సున్నం చలికి పనికిరాదు. దానికి గాలి పొర కావాలి, కాలని గాలి పొర. మేస్త్రీ బుర్ర గోక్కున్నాడు.

"మా తాత బోర్లించేటోడు. గురుగులు."

అదే. కుమ్మరి చేసిన చిన్న గురుగులు, స్లాబు మీద పక్కపక్కనే బోర్లించి, సందుల్లో సున్నం కాంక్రీటు నింపి, పైన పలచగా సిమెంటు, దాని మీద పగిలిన తెల్ల టైల్సు. ఒక్కో గురుగు కింద గుప్పెడు గాలి. చొప్ప కాడలో ఉన్న గాలే, కాకపోతే మట్టి గోడల మధ్య. పగలు ఎండను ఆపుతుంది, జనవరిలో చలిని ఆపుతుంది, రవ్వ పడితే ఆరిపోతుంది. బరువు చూసుకోవాలి. స్లాబు ఎంత మోస్తుందో ఇంజినీరును అడగకుండా మట్టి మందంగా పొయ్యొద్దు, నీళ్లు నిలవకుండా వాటం పెట్టాలి.

గోడల సంగతి మీకు ఇక ఆలస్యమైంది, కట్టేశారు. పునాది తీస్తున్నవాళ్లకు చెప్పండి. రామగుండం, జైపూర్ థర్మల్ కేంద్రాల బూడిద ఉంది. ఆ బూడిదను నురగలా పొంగించి చేసే తేలిక దిమ్మెలు ఉన్నాయి, మామూలు ఇటుక కన్నా వేడిని బాగా ఆపుతాయి, మంటలో గంటలకొద్దీ నిలుస్తాయి.

ఆ మధ్యాహ్నం నుంచి మీరు చేసినవి ఇవి. వెంటిలేటర్లకు ఇనుప జాలి, కళ్లు మూడు మిల్లీమీటర్లకు మించకుండా. గోడ చుట్టూ ఐదడుగుల మేర ఏదీ లేదు, కట్టెలు లేవు, చీపురు పుల్ల లేదు. కాలని చొప్ప అంతా రోడ్డు అవతల, ఇంటికి ముప్పై అడుగుల పైన, దున్నిన నేల నడుమ మంచె మీదికి పోయింది. తమ్ముడు గొణిగాడు, రోజూ అంత దూరం మేతకు నడవాలని. నిజమే, నడవాలి. మిగిలిన పత్తిని మర్నాడే అమ్మేశారు, వచ్చిన ధరకు. కొట్టానికి గడ్డి కప్పలేదు. అమ్మేసిన గూన పెంకుల కోసం ఇప్పుడు మళ్లీ నాలుగూళ్లు తిరుగుతున్నారు.

పెద్దమ్మ వేపచెట్టు కింద నుంచి అన్నీ చూస్తోంది. ఏమీ అనలేదు. అనాల్సింది ఆ రోజు మధ్యాహ్నమే అనేసింది.

మీ గూడెం వెనకా గుట్ట ఉంటే, ఫిబ్రవరిలో ఆకు రాలేలోపు ఒకసారి నిచ్చెన వేసుకుని పైకెక్కి, మీ స్లాబు మీద ఏముందో చూసి రండి.